అద్దంలా ఉన్న బీడింగు

డ్రైవింగు మాస్టారి కంటి ఆపరేషనుకు తేదీ ఖాయమైందని తెలిసి ఇంట్లోవాళ్లందరూ సంతోషించారు. ఆ సంతోషం సాయంత్రం దాకా నిలిచింది. సాయంత్రం అల్లుడు షెడ్డులోకి వెళ్లి, కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడి, కొంప మునిగిందని చెప్పాడు.

అల్లుణ్ణి అందరూ అనౌన్సరు అంటారు. బస్‌స్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పడం అతని ఉద్యోగం. వచ్చే బస్సు సంగతి ఎంత మృదువుగా చెబుతాడో, రాని బస్సు సంగతీ అంత మృదువుగానే చెబుతాడు. ఆలస్యానికి చింతిస్తున్నామని అన్నప్పుడు ఆ గొంతులో చింత మచ్చుకైనా కనబడదు. ఇంజను చెడి బస్సు సగం దారిలో నిలిచిపోయిందని తెలిసి కూడా మరికొద్ది సేపట్లో వస్తుందని చెప్పగలడు. జనం నమ్మి మళ్లీ కూర్చుంటారు. అదొక విద్య, అందరికీ పట్టుబడదు.

ఆ విద్యను అతను మామగారి దగ్గర కూడా ప్రయోగించాడు. చిక్కు అక్కడే వచ్చింది.

మాస్టారికి ఆ కారంటే ప్రాణం. ముదురు నీలం రంగు, కిటికీల చుట్టూ వెండిలాంటి సన్నని పట్టీ. దాన్ని బీడింగు అంటారు. ఊళ్లో స్టీరింగు పట్టుకున్నవాళ్లలో సగం మంది ఆ కారులోనే మొదటిసారి చెమటలు పట్టించుకున్నవాళ్లు. ఆయనకి చూపు మసకబారడం మొదలై చాలా కాలమైంది. శుక్లం ఇంకా ముదరాలంటూ ఏళ్లు గడిపేశారు. ఒకరోజు సొంత ఇంటి గేటు స్తంభాన్నే గుద్దేసి, స్తంభాన్ని ఎవరో జరిపారని అన్నారు. ఆ రాత్రి భోజనం చెయ్యలేదు. మర్నాడు కారుని షెడ్డులో పెట్టించి, కళ్లు బాగయ్యాక తీస్తానని చెప్పి తలుపు వేశారు.

బండి తియ్యకపోయినా తుడవడం మాత్రం మానలేదు. రోజూ పొద్దున అనౌన్సరు డ్యూటీకి వెళ్తూ దారిలో అత్తవారింట్లో ఆగి, మామగారికి పేపరు చదివి వినిపిస్తాడు. తరవాత ఇద్దరూ షెడ్డులోకి వెళతారు. మాస్టారు పాలిషు సీసా, గుడ్డ తీసుకుని, ముందు తలుపు మూలనుంచి తడుముకుంటూ బీడింగు మొత్తం తుడుస్తారు. ఆయనకి కారు ఒక నల్లటి దిమ్మలా కనిపిస్తుంది, అంతే. తుడవడం అయ్యాక నడుం నిమురుకుంటూ, ఎలా ఉందని అడుగుతారు.

"అద్దంలా ఉంది మామయ్యగారూ," అంటాడు అనౌన్సరు.

మొదటిసారి అన్నప్పుడు అది ఇంచుమించు నిజమే. తరవాత తరవాత బీడింగు మీద తెల్లటి మచ్చలు లేచాయి, పొయ్యి మీద పాలు పొంగి ఎండిపోయినట్టు. మచ్చలు కలిసిపోయి బూడిదరంగు పొరలయ్యాయి. ఏ రోజుకారోజు మాట మార్చుకుందామనే అనుకున్నాడు అనౌన్సరు. కానీ నిన్నటిదాకా అద్దంలా ఉన్నది ఇవాళ బూజు పట్టిందంటే, మరి నిన్న ఏం చూశావని అడుగుతారు. అందుకని అద్దాన్నే కొనసాగించాడు.

ఇప్పుడు ఆయనకి చూపు వస్తోంది. కట్టు విప్పాక నాన్న మొట్టమొదట చూడాలనుకునేది మన మొహాలు కాదు, కారేనని అనౌన్సరు భార్య అంది. ఆ మాట ఎవరూ కాదనలేదు.

ఒక్క బీడింగు గొడవే అయితే నాలుగు తిట్లు తిని ఊరుకునేవాడు. అసలు భయం వేరే ఉంది. అది అతనికి ఒక్కడికే తెలుసు.

పరీక్షలు చేసిన రోజు డాక్టరు అతన్ని వరండాలోకి పిలిచి విషయం చెప్పారు. ఎడమ కంట్లో శుక్లం తీసేస్తే చూపు వస్తుంది. కుడి కంటికి శుక్లం ఒక్కటే కాదు, నీటికాసులు కూడా వచ్చి లోపల నరం ఎండిపోయింది. దానికి ఏ ఆపరేషను చేసినా ప్రయోజనం లేదు. ఎడమ కంటి నరం కూడా కొంత దెబ్బతింది కాబట్టి పేపరు చదువుకోవచ్చు, మనుషుల్ని పోల్చుకోవచ్చు, బండి మాత్రం ఇక నడపకూడదు. ఈ సంగతి మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా అని డాక్టరు అడిగితే, నేనే చెబుతానని అనౌన్సరు చక్కటి గొంతుతో అన్నాడు. డాక్టరు కూడా నమ్మారు.

బయట బెంచీ మీద కూర్చున్న మాస్టారు, అడుగుల చప్పుడు విని తలెత్తి, ఏమన్నారని అడిగారు.

"రెండూ వస్తాయి మామయ్యగారూ. ముందు ఎడమది, తరవాత కుడిది. వానలు తగ్గేసరికి మీరే బండి తీస్తారు మామయ్యగారూ."

మాస్టారు సరే అన్నారు. ఆ మొహం వాడిపోతే చూడలేక అలా చెప్పాడు అనౌన్సరు. మామగారంటే అతనికి ప్రేమ. అంతకు మించి కారణం ఏమీ లేదు. ఒక కన్ను వచ్చిన ఆనందంలో కొన్నాళ్లు గడిచాక, రెండో కన్ను సంగతి మెల్లిగా, ఆలస్యమైన బస్సు సంగతి చెప్పినట్టు, వాయిదాల మీద చెప్పవచ్చని అతని ఆలోచన. కానీ అంతదాకా ఆ అబద్ధం నిలబడాలి. బీడింగు దగ్గర దొరికిపోయినవాడి మాట కన్ను దగ్గర ఎవరు నమ్ముతారు? కాబట్టి బీడింగు మెరిసి తీరాలి.

ఆపరేషను రోజు మాస్టారిని రాత్రికి ఆస్పత్రిలోనే ఉంచుకుంటామన్నారు. తోడుగా కూతురు ఉండిపోయింది. అనౌన్సరు సెలవు పెట్టి పొద్దున్నే షెడ్డు తలుపులు బార్లా తెరిచాడు. అత్తగారు ఒక ముక్కాలిపీట, బకెట్టు, పాత గుడ్డల మూటతో వచ్చి నిలబడ్డారు. పెళ్లయిన దగ్గర్నుంచి ఆ అత్తా అల్లుడూ ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకున్న సందర్భాలు తక్కువ. ఆవిడ ఏ మాటైనా గోడకో గిన్నెకో చెప్పినట్టు చెబుతారు, అతను విన్నట్టు ఉంటాడు. ఆ పద్ధతిలో ఇంతకాలం ఇద్దరికీ బాగానే జరిగిపోయింది.

ముందు ఇత్తడి సామాన్లు తోమే పాలిషు తెచ్చి రుద్దాడు. భుజం పట్టేసింది గానీ మచ్చ పట్టు వదల్లేదు. నిమ్మరసం పోసి రుద్దాడు. మచ్చలకి అది కూడా నచ్చలేదు. విసుగెత్తి, కారు రంగులమ్మే దుకాణానికి వెళ్లి అడిగాడు. దుకాణదారు బేరాల మధ్యలోనే సంగతి విని, అది మురికి కాదన్నాడు. అల్యూమినియం మీద కంపెనీవాళ్లు వేసిన సన్నని పూత కాలిపోతే అలా అవుతుంది. సోడా కలిసిన సబ్బేదో ఏళ్ల తరబడి పోసినట్టున్నారు. ఆ పూత పోయేదాకా నీళ్లతో తడుపుతూ గరుకుకాగితం పెట్టి రుద్దాలి, ముందు గరుకుది, తరవాత సన్నది, ఆ తరవాత ఇంకా సన్నది. అప్పుడు పాలిషు. పూత తినేసే మందు కూడా ఉంది, పని తొందరగా అవుతుంది, కానీ చుక్క జారితే కారు రంగు కూడా తినేస్తుంది. అనౌన్సరు మందు జోలికి పోకుండా కాగితాలు, రంగు మీద గీతలు పడకుండా అంటించే టేపు కొనుక్కుని వచ్చాడు.

వచ్చి, మామయ్యగారు వాడేది మంచి పాలిషే కదా, సోడా ఎక్కణ్నుంచి వచ్చిందని అడిగాడు. అత్తగారు నీళ్లు నమిలారు. ఆఖరికి బకెట్టుతో చెప్పినట్టు చెప్పారు. ఆ పాలిషు చేసే కంపెనీ ఎప్పుడో మూసేశారట. సీసా అయిపోయింది, ఇక దొరకదంటే ఈయన మనసు కష్టపెట్టుకుంటారని, అంట్లు తోమే పొడి నీళ్లలో కలిపి అదే సీసాలో పోస్తూ వచ్చారు. ఒకసారి వాసన మారిందేమిటని ఆయన అడిగితే, కొత్త ప్యాకింగన్నారట.

అనౌన్సరుకి గుర్తొచ్చింది. ఆ రోజు, "అవును, కొత్త ప్యాకింగే మామయ్యగారూ," అని వంత పాడింది తనే.

ఇక ఒకరినొకరు అనుకోవడానికి ఏమీ మిగల్లేదు. రంగు మీదా, రబ్బరు మీదా టేపు అంటించి పనిలోకి దిగారు. అనౌన్సరు గరుకుకాగితం తడిపి, బల్ల తుడిచినట్టు గుండ్రంగా రుద్దుకుంటూ పోయాడు. పూత పోయింది. పోయినచోట సున్నా మీద సున్నా చుట్టినట్టు గీతలు పడ్డాయి. అత్తగారు వంగి చూసి, పిల్లి గీరినట్టుందని మొదటిసారి నేరుగా అతని మొహం మీదే అన్నారు. కాగితం చేతిలోంచి తీసుకుని, పట్టీ ఎటు పోతే చెయ్యి అటు పోవాలని చూపిస్తూ, మూలనుంచి మూలదాకా ఒకే ఊపున రుద్దారు. జన్మంతా గిన్నెల అంచులు తోమిన చెయ్యి అది. అనౌన్సరు తన సున్నాలన్నీ మొదటినుంచి మళ్లీ రుద్దుకున్నాడు.

మధ్యాహ్నానికి ఇద్దరి చేతులూ బూడిదరంగు బురదలో మునిగాయి. కాగితాలు సన్నబడుతున్నకొద్దీ పట్టీ మీద గరుకు పోయింది, గుంటలు పోయాయి, తడిగుడ్డతో తుడిస్తే వేలు జర్రున జారిపోతోంది. వెనక తలుపు దగ్గర రుద్దుతూ అత్తగారు, తల ఎత్తకుండానే, ఈయన కుడి కన్ను కూడా వస్తుందని డాక్టరు గట్టిగా చెప్పారా అని అడిగారు.

"వస్తుంది అత్తయ్యగారూ."

ఆవిడ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ రుద్దడం మొదలెట్టింది. ఇంకేమీ అడగలేదు.

సాయంత్రం పాలిషు పెట్టారు. గుడ్డలన్నీ కాటుక పూసినట్టు నల్లబడ్డాయి, చేతులకైన నలుపు సబ్బుతో కూడా పోలేదు. అన్నిటికన్నా చివర మైనం రాసి, టేపు ఊడదీసి, ఇద్దరూ వెనక్కి జరిగి చూశారు. బీడింగు మెరుస్తోంది. ఎంతగా అంటే, పాపం, మిగతా కారే దాని పక్కన కొంచెం ముసలిదైనట్టు కనిపించింది. అత్తగారు పట్టీకి దగ్గరగా వెళ్లి, తన ముక్కు అంత పొడుగని తెలియదన్నారు. అనౌన్సరుకి ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు పొద్దున ఆస్పత్రిలో కట్టు విప్పారు. మాస్టారు ముందు గోడగడియారం చూసి టైము చెప్పారట. తరవాత కూతురి మొహం చూసి, చిక్కిపోయావన్నారట. టాక్సీలో ఇంటికి వస్తున్నంతసేపూ, క్లచ్చి మీద కాలు తియ్యమని డ్రైవరుకి పాఠం చెబుతూనే ఉన్నారని కూతురు దిగుతూ చెప్పింది. నల్లకళ్లద్దాలు పెట్టుకుని ఆయన గేటు దాటారు. ఇంట్లోకి పోలేదు. ఎవరూ చెయ్యి పట్టుకోకుండా, నేరుగా షెడ్డులోకి నడిచారు. వెనకాలే ముగ్గురూ వెళ్లారు, పరీక్ష ఫలితాలకి వెళ్లినట్టు.

ఆయన కారు ముందు నిలబడి నల్లకళ్లద్దాలు తీసి చూశారు. ఈ చివరనుంచి ఆ చివరదాకా చూశారు. అనౌన్సరు మొహం మైకు ముందు ఉన్నట్టే ప్రశాంతంగా పెట్టుకున్నాడు.

"ఇది ఎవరు చేశారు?" అన్నారు మాస్టారు.

"ఎవరూ ఏమీ చెయ్యలేదు. రోజూ మీరు తుడిచిందే. అద్దంలా ఉందని చెబుతూనే ఉన్నాను కదా మామయ్యగారూ."

మాస్టారు, చూపు వచ్చిన ఆ ఒక్క కన్నూ మూసుకున్నారు. చెయ్యి చాచి, బొటనవేలు వెనక తలుపు మూల పెట్టి, పట్టీ వెంబడి మెల్లిగా లాగారు. మళ్లీ వెనక్కి లాగారు.

"ఇక్కడ గుంటలుండేవి," అన్నారు. "ఇటు పక్కంతా ఇసక అద్దినట్టుండేది. రోజూ తుడుస్తున్నాను, నాకు తెలియదా?"

అత్తగారు గోడవైపు తిరిగారు. రోజంతా కూర్చుని ఆ గుంటలూ గరుకూ అరగదీసిన ఇద్దరిలో ఒక్కరికీ, చూపు లేని మనిషికి వేళ్లుంటాయన్న సంగతి తట్టలేదు. తండ్రి మీద కోపమో, మొగుడి మీద జాలో గానీ, కూతురు ఊరుకోలేదు. అంతా తెలిసినప్పుడు మరి రోజూ ఎందుకు అడిగేవారని అంది.

"మొదట్లో కోపం వచ్చింది," అన్నారు మాస్టారు. కోపం లేకుండానే అన్నారు. "తరవాత అవసరం పడింది. మీ ఆయన గొంతు అంతా ఒకే మాదిరిగా ఉంటుంది. పేపరు చదివినా, మందు వేసుకోమన్నా, అంతా బాగుందన్నా ఒకటే. కళ్లు లేనివాడికి ఎదుటివాడి గొంతే దిక్కు కదమ్మా. అందుకని రోజూ పొద్దున ఒక అబద్ధం చెప్పించుకునేవాణ్ణి. ఖాయంగా అబద్ధమని నా వేలికి తెలిసినది. దాన్ని గుర్తుంచుకుని, మిగతా రోజంతా విన్నవాటిని దాంతో పోల్చి చూసుకునేవాణ్ణి."

అనౌన్సరు, ఎంతైనా తన వృత్తికి సంబంధించిన విషయం కాబట్టి, ఏమైనా తేడా తెలిసేదా అని చిన్నగా అడిగాడు.

"గొంతులో ఏం తెలియదు. గట్టివాడివే. కానీ నిజం చెప్పేటప్పుడు మాట అయిపోగానే ఆపేస్తావు. అబద్ధమైతే చివర్న మామయ్యగారూ అని తగిలిస్తావు."

అనౌన్సరు ఇందాక తను అన్న మాట చివర ఏముందో గుర్తు చేసుకున్నాడు.

"ఆ రోజు బెంచీ మీద కుడి కన్ను సంగతి అడిగాను," అన్నారు మాస్టారు. కన్ను తెరిచి అల్లుడి మొహంలోకి చూశారు. ఆ మొహాన్ని ఆయన చూసి ఎన్నేళ్లయిందో. "రెండుసార్లు తగిలించావు. ఇప్పుడు చెప్పు."

బస్‌స్టాండు నిండా జనాన్ని కూర్చోబెట్టగలిగిన గొంతు ఆ షెడ్డులో రానంది. అనౌన్సరు కారు వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. ఆఖరికి చెప్పాడు.

"కుడి కన్ను రాదు. నరం ఎండిపోయిందన్నారు. ఎడమ కంటి నరానికి కూడా కొంత దెబ్బ తగిలిందట. బండి నడపకూడదన్నారు. ఇక ఎప్పుడూ."

మాట అయిపోగానే ఆపేశాడు. గొంతు మధ్యలో రెండుచోట్ల జీరపోయింది. అలాంటి అనౌన్సుమెంటు చేస్తే ఏ బస్‌స్టాండులోనూ ఉద్యోగం ఇవ్వరు.

మాస్టారు తల వంచుకుని విన్నారు.

"ఇంకోసారి చెప్పు," అన్నారు.

"ఎందుకు నాన్నా?" అంది కూతురు.

"ఈ గొంతు నేనెప్పుడూ వినలేదు. గుర్తుపెట్టుకోవాలి."

అనౌన్సరు మళ్లీ చెప్పాడు. మొదటిసారి కంటే అధ్వాన్నంగా వచ్చింది. కుడి కన్ను దగ్గరే గొంతు తెగిపోయి, నడపకూడదన్న మాట పెదవులతోనే అన్నాడు. చెబుతున్నంతసేపూ ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

మాస్టారు ముందు తలుపుకి ఆనుకుని నిలబడ్డారు. ఊరికంతటికీ బండి నేర్పిన మనిషి, ఆ తలుపు తెరిచి లోపల కూర్చోవడానికి కూడా చెయ్యి రాక అలా నిలబడే ఉన్నారు. ఆయన కళ్లలోంచి నీళ్లు కారాయి. పోయిన కంట్లోంచి కూడా అంతే కారాయి.

అత్తగారు గబగబా ముందుకొచ్చి, కంట్లో నీళ్లు పడకూడదన్నారుగా డాక్టరు అని కసిరారు. అది బయటి నీళ్ల సంగతి అన్నారాయన. ఆవిడ చేతికందిన గుడ్డ తీసుకోబోయి, అది నల్లగా ఉండడం చూసి పారేసి, వట్టి చేతులతోనే ఆయన చెంపలు తుడిచారు, కన్ను తగలకుండా, చాలా జాగ్రత్తగా. ఆ వేళ్ల సందుల్లో పాలిషు నలుపు ఇంకా వదల్లేదు. కాటుక కరిగినట్టు, రెండు చెంపల మీదా రెండు నల్లటి చారలు పడ్డాయి.

అత్తగారు చూసుకుని ఠక్కున చేతులు వెనక్కి పెట్టుకున్నారు. కూతురు నవ్వాలో ఏడవాలో తెలియక తల తిప్పుకుంది. వాళ్ల సద్దు పసిగట్టి, మాస్టారు అల్లుడి వైపు తిరిగారు.

"నా మొహానికి ఏమైనా అంటిందా?"

"అంటింది," అన్నాడు అనౌన్సరు. "రెండు చెంపలూ నల్లగా ఉన్నాయి."